చీటీ రాసిన అమ్మాయి సరే, చీటీ మోసిన మిత్రుడేడీ?

ఇల్లు మారే హడావిడిలో పాత బైబిలు తెరిస్తే కీర్తనల గ్రంథం మధ్యలో నాలుగు మడతల చీటీ. "రేపు ప్రాక్టీసుకి కాస్త ముందే రా" అని ఒకే వాక్యం, కింద పేరు కూడా లేదు. మీకు 44 ఏళ్లు, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. చీటీ రాసింది మీ పదహారో ఏట చర్చి యూత్ కూడికల్లో (కుర్రకారు ప్రార్థన సమావేశాల్లో) మీతో కలిసి పాడిన అమ్మాయి. మూడు వారాలుగా ఆ చిన్న ఊరు, ఆ చర్చి, ఆ సాయంత్రాలు తప్ప ఇంకేదీ తోచడం లేదంటున్నారు. మొన్నటి ఆఫీసు మీటింగులో ఎవరేమన్నారో గుర్తులేదు గానీ ఆ అమ్మాయి పాటల పుస్తకానికి వేసిన అట్ట రంగు గుర్తుందట. ఎందుకిలా? ఇది భార్యకు చేస్తున్న ద్రోహమా? ఆమెను వెతికి పలకరించవచ్చా? ఇదంతా రాసిపెట్టుకుంటే మంచిదా? అని నాలుగు ప్రశ్నలు అడిగారు. ఐదోది అడగకుండా మధ్యలో వదిలేశారు: "అప్పటి నా భక్తి నిజమా, ఆమె కోసమా అన్నది కూడా ఇప్పుడు అనుమానంగా ఉంది." అసలు బరువైన ప్రశ్న అదేనని నాకనిపించింది.

మీ ప్రశ్న చదివాక ఒక చిల్లర పని చేశాను. ఆ అమ్మాయి ప్రస్తావన ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాను. దాదాపు ప్రతి వాక్యంలోనూ ఉంది. చీటీ తెచ్చిచ్చిన మనిషి మాత్రం ఒక్కచోటే ఉన్నాడు, అదీ "ఒక ఫ్రెండ్ ద్వారా" అని. పేరు లేదు, ముఖం లేదు. నా సమాధానం చాలావరకు ఆ మూడు మాటల చుట్టూనే తిరుగుతుంది, ముందే చెబుతున్నాను.

నేను 22 ఏళ్లు ఒక చిన్న ఊరి చర్చి సంఘంలో యూత్ బాధ్యత చూశాను. ఆ తర్వాత కౌన్సెలింగ్ నేర్చుకుని పన్నెండేళ్లుగా అదే పని. అంతకన్నా ముందు నేనూ ఒక యూత్ గుంపులో పదిహేడేళ్ల కుర్రాణ్ణే. ఈ మూడు చోట్ల నుంచీ మాట్లాడతాను, అక్కడక్కడా ఒకదాంట్లో ఒకటి కలిసిపోవచ్చు.

ముందు, ఇంత స్పష్టంగా ఎందుకు గుర్తున్నాయన్నది. మీకేమీ పిచ్చి పట్టలేదు. నలభై దాటిన వాళ్లను తమ జీవితంలోని సంఘటనలు చెప్పమని, ఆ సంఘటనల్ని వయసు వారీగా పేరిస్తే, సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య కాలం దగ్గర గ్రాఫు మిట్టలాగా పైకి లేస్తుంది. డేవిడ్ రూబిన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1986లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసి ఈ సంగతి చూపించారు. దీన్ని రెమినిసెన్స్ బంప్ అంటారు. కారణాలు ఒకటి కాదు. మొదటిసారి జరిగేవన్నీ ఆ వయసులోనే జరుగుతాయి. నేనెవరు అన్న ప్రశ్నకు జవాబు తయారయ్యేదీ అప్పుడే, అందుకే ఆ జవాబులో భాగమైన ప్రతిదాన్నీ మనసు దాచుకుంటుంది.

ఇందులో మీకు పనికొచ్చే మరో ముక్క ఉంది. ఒక దేశం వదిలి ఇంకో దేశంలో స్థిరపడినవాళ్లను ష్రాఫ్, రూబిన్ 1998లో పరిశీలిస్తే, పెద్దవయసులో వలస వెళ్లినవాళ్లకు ఆ మిట్ట మామూలు వయసులో కాక వలస వెళ్లిన కాలం దగ్గరికి జరిగింది. అంటే మనసు వయసును మాత్రమే కాదు, మలుపును కూడా పట్టుకుంటుంది. మీరు పద్దెనిమిదేళ్లకు ఆ ఊరు వదిలేశారు, మళ్లీ వెళ్లి ఉండలేదు. మీకు వయసూ మలుపూ ఒకేచోట పడ్డాయి. అక్కడే ఉండిపోయినవాడికి ఆ చర్చి గోడ మీద ఏటా కొత్త సున్నం పడుతూనే ఉంది. మీకు మాత్రం అది మీరు చూసిన చివరి రోజున ఎలా ఉందో అలాగే ఉంది.

చిన్న ఊరు అన్నది ఇక్కడ ఉట్టి నేపథ్యం కాదు, లెక్క. మనుషులు తక్కువ, మళ్లీ మళ్లీ ఎదురుపడేది వాళ్లే. బడిలో ఉన్నవాడే కూడికలో ఉంటాడు, కూడికలో ఉన్న అమ్మాయే బస్టాపులో ఉంటుంది. జెఫ్రీ హాల్ అనే ఆయన 2018లో స్నేహానికి ఎన్ని గంటలు పడతాయో లెక్కగట్టాడు. పరిచయస్థుడు మామూలు మిత్రుడు కావడానికి 50 గంటలు, మిత్రుడనిపించుకోవడానికి 90, ప్రాణమిత్రుడు కావడానికి 200 పైన. ఇప్పుడు మీ యూత్ లెక్క వేయండి. ఆదివారం ఆరాధన, వారం మధ్యలో కూడిక, శనివారం పాటల ప్రాక్టీసు కలిపితే వారానికి నాలుగైదు గంటలు. ఏడాదికే 200 దాటిపోతుంది. దాని మీద క్రిస్మస్ ముందు కారల్స్‌కి తిరిగిన రాత్రులు, మూడు రోజుల క్యాంపు. ఇప్పుడు మీ కొలీగ్స్‌లో ఎవరితోనైనా, పని మాటలు తీసేసి, ఏడాదికి 20 గంటలు గడుపుతున్నారా? పెద్దయ్యాక స్నేహాలు అంటుకోవడం లేదని చాలామంది వాపోతారు. అంటుకోకపోవడానికి మనం చెడిపోవడం కారణం కాదు, గంటలు చాలవు, అంతే.

గంటలొక్కటే కాదు, ఆ గంటల్లో ఏం చేసేవాళ్లన్నది ఇంకా ముఖ్యం. పాడేవాళ్లు. బ్రిటన్‌లో వయోజనుల క్లాసులను పోల్చి చూసిన పియర్స్, లానే, డన్‌బార్ 2015లో ఒక సంగతి గమనించారు. కలిసి పాడే క్లాసులోని కొత్తవాళ్లు, చేతిపనుల క్లాసు, రచన క్లాసులవాళ్ల కంటే తొందరగా దగ్గరయ్యారు. కొన్ని నెలలు గడిచేసరికి మిగతా క్లాసులవాళ్లూ అందుకున్నారు గానీ మొదటి మంచు కరిగించింది మాత్రం పాటే. ఒకే శ్రుతిలో ఊపిరి తీసుకుని, ఒకే చోట ఆపి, మళ్లీ ఒకేసారి అందుకునే పది మంది మధ్య ఏదో జరుగుతుంది. మీకు ఆ అమ్మాయితో జరిగిందనుకుంటున్నది సగం ఆ పదిమందితోనూ జరిగింది. గమనించలేదు.

ఇంకొకటి, సాక్ష్యం చెప్పడం, అంటే తన జీవితంలో దేవుడు చేసినదాన్ని అందరి ముందూ లేచి చెప్పుకోవడం. ఇప్పుడు మనకు మామూలుగా కనిపించే యూత్ కూడిక రూపానికి ఒక మూలం 1881లో ఉంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు క్రిస్టియన్ ఎండీవర్ అనే యువజన సంఘం పెట్టాడు. అది కొన్నేళ్లలోనే చాలా దేశాలకు పాకింది. దాని కీలకం ఒక ప్రమాణం: సభ్యుడు వారం వారం ప్రార్థన కూడికకు రావాలి, ఊరికే కూర్చోకుండా నోరు విప్పి ఏదో ఒక విధంగా పాల్గొనాలి. వినే పిల్లల్ని మాట్లాడే పిల్లలుగా చేసిన నిబంధన అది. పదహారేళ్లవాడికి ఇంట్లో మాట చెల్లదు, బడిలో అడిగిందానికే జవాబు. అలాంటివాడు యూత్ కూడికలో లేచి నిలబడి "ఈ వారం నాకు భయమేసింది" అంటే ఇరవై మంది విని, ఆ భయం కోసం ప్రార్థన చేసేవాళ్లు. ఆర్థర్ ఆరన్ 1997లో ముక్కూ మొహం తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి, క్రమంగా లోతుకు వెళ్లే ప్రశ్నలు ఒకరినొకరు అడిగేలా చేశాడు. ముప్పావు గంటలో వాళ్ల మధ్య దగ్గరితనం ఏర్పడింది. మీ గుంపు ఆ పని వారం వారం, మూడేళ్లు చేసింది. ప్రేమ పుట్టకపోతే ఆశ్చర్యపోవాలి.

పైగా అందరం "బ్రదర్", "సిస్టర్" అని పిలుచుకుంటాం. యౌవన స్త్రీలను అక్కచెల్లెళ్లుగా చూడమని బైబిల్లో పౌలు తిమోతికి రాసిన మాట ప్రతి యూత్ లీడరుకూ కంఠతా వచ్చు, నేనే ఎన్నోసార్లు వల్లించాను. ఆ పిలుపు మధ్యలో ఉండటం వల్లే మాట్లాడుకునే వీలు దొరికేది. ఆ పిలుపు మధ్యలో ఉండటం వల్లే మాటల్లో చెప్పలేనిది చీటీల్లోకి వెళ్లేది. మీ చీటీలో ఉన్నదేమిటి? "ముందే రా." అందులో ప్రేమ అన్న మాట లేదు. ఎవరి చేతిలో పడినా ప్రాక్టీసు గురించే. ఎంత జాగ్రత్తగా రాసిందో చూడండి.

ఇక ఐదో ప్రశ్న. భక్తా, ఆమె మీది ఇష్టమా?

ఇదే ఆరన్, డోనాల్డ్ డట్టన్‌తో కలిసి 1974లో కెనడాలోని వాంకూవర్ దగ్గర కపిలానో నది మీద చేసిన ప్రయోగం ఒకటి చాలామంది చెబుతారు. లోయ మీద ఊగే వంతెన దాటిన మగవాళ్లు, గట్టి వంతెన దాటినవాళ్ల కంటే ఎక్కువగా, అక్కడ తమను ప్రశ్నలడిగిన యువతికి తర్వాత ఫోన్ చేశారు. గుండె కొట్టుకున్నది భయానికి, వాళ్లు దాన్ని ఆకర్షణ ఖాతాలో వేసుకున్నారన్నది వాళ్ల వాదన. క్యాంపు చివరి రాత్రి కన్నీళ్ల ప్రార్థనకూ దీన్నే అంటగట్టి, "చూశారా, అంతా హార్మోన్లే" అనేవాళ్లను చూశాను. నాకు ఆ కొట్టిపారేయడం నచ్చదు. లోపల ఒకే అల లేచినప్పుడు అది ఎవరిదో విడదీయలేకపోవడం నిజమే. విడదీయలేనంత మాత్రాన రెండూ అబద్ధం కావు. యాకోబు రాహేలు కోసం ఏడేళ్లు కొలువు చేస్తే, ఆమె మీది ప్రేమ వల్ల అవి కొద్ది రోజుల్లా తోచాయని ఆదికాండము 29వ అధ్యాయంలో ఉంది. ఆ ఏడేళ్లలో అతను దేవుణ్ణి తలవలేదని ఎవరూ అనరు. ఆమెను చూడ్డానికే మీరు కూడికకు వెళ్లి ఉంటారు. వెళ్లాక మోకరించింది మీరే కదా. నా దగ్గరికొచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: ఆమె ఊరు వదిలి వెళ్లాక కూడా కూడికకు వచ్చావా? వస్తే ఆ మిగిలింది నీది. మీరు కూడా ఆ లెక్క మీరే వేసుకోండి, నాకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా సంగతి.

పదిహేడో ఏట మూడు రోజుల యూత్ క్యాంపు. చివరి రాత్రి నెగడు చుట్టూ కూర్చున్నాం. ఒకమ్మాయి లేచి ఒంటరిగా పాట పాడింది. రెండో చరణం దగ్గర తలెత్తి నా వైపు చూసింది. అంతే, ఇంకేమీ జరగలేదు. ఆ చూపును ముప్పై ఏళ్లు మోశాను. పెళ్లయ్యాక మా ఆవిడకు కూడా చెప్పాను, నవ్వింది.

47వ ఏట, ఒక అంత్యక్రియల దగ్గర, అప్పట్లో కీబోర్డు వాయించిన మిత్రుడు కలిశాడు. అవన్నీ తలచుకుంటూ నెగడు సంగతి ఎత్తాను. వాడు నా మొహంలోకి చూసి, "ఆ ఏడు నెగడెక్కడిదిరా? మధ్యాహ్నం నుంచి వాన. హాల్లో కూర్చున్నాం, కరెంటు పోయింది, కొవ్వొత్తులు పెట్టారు. పాడింది కూడా ఆ అమ్మాయి కాదు, వాళ్లక్క" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వాదించాను కూడా. వారం తర్వాత వాడు ఆ క్యాంపు నోటు పుస్తకంలో పేజీ ఫోటో తీసి పంపాడు. మూడో రోజు కింద, వాడి పాత చేతిరాతతో: వాన, కొవ్వొత్తులు, సోలో అని రాసి పక్కన వాళ్లక్క పేరు.

అయినా ఈ రోజుకీ కళ్లు మూసుకుంటే నాకు నెగడే కనిపిస్తుంది. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన మర్నాడు ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ కొందరు విద్యార్థులతో ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో రాయించారు. రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు, అదీ గట్టి నమ్మకంతో. తమ చేత్తో రాసిన పాత కాగితం ముందు పెట్టినా అసలు జ్ఞాపకం తిరిగి రాలేదు. ఇది చదివి ఉన్నవాణ్ణే, క్లాసుల్లో చెప్పినవాణ్ణే. నాకు జరిగినప్పుడు మాత్రం నోటు పుస్తకమే తప్పనిపించింది.

అసలు దెబ్బ అది కాదు. మిత్రుడు తర్వాత అడిగాడు: "ఆ రాత్రి నేను సాక్ష్యం చెప్పాను. మా నాన్న పోయి అప్పటికి రెండు నెలలు. మధ్యలో గొంతు పట్టేసింది. నువ్వు లేచి నా పక్కన నిలబడ్డావు. ఏమీ మాట్లాడలేదు, నిలబడ్డావంతే. అది గుర్తుందా?"

లేదు. ఒక్క ముక్క కూడా లేదు.

వాడు ముప్పై ఏళ్లుగా మోస్తున్న రాత్రీ నేను మోస్తున్న రాత్రీ ఒకటే. వాడి రాత్రిలో నేనున్నాను. నా రాత్రిలో వాడు లేడు. జరగని ఒక చూపు కోసం ఆ గదినంతా ఖాళీ చేసేశాను. వాడి నాన్న చావుతో సహా.

అందుకే మీ "ఒక ఫ్రెండ్ ద్వారా" దగ్గర ఆగిపోయాను. పదహారో ఏటి ఇష్టం జ్ఞాపకంలో చేసే పని ఇదే, చుట్టూ ఉన్నవాళ్లను మసక చేస్తుంది. కానీ ఆ ఇష్టం నిలబడింది వాళ్ల భుజాల మీదే. చీటీ మోసినవాడు పట్టుబడితే తిట్లు తినేది వాడే. మీ కోసం ఆమె పక్క సీటు ఖాళీ చేసినవాడు ఒకడు ఉండుంటాడు. మీ విషయం తెలిసీ నోరు మెదపని అమ్మాయి ఒకరు ఉండుంటారు. మీరిద్దరూ అలిగిన వారంలో ఇద్దరి వైపూ తిరిగి కాళ్లరిగినవాళ్లుంటారు. వాళ్లకు అందులో దక్కిందేమీ లేదు.

ఈ జ్ఞాపకాలు ఇప్పుడే ఎందుకు ముంచెత్తాయన్నదానికి కూడా జవాబు అటు వైపే ఉంది. నోస్టాల్జియా (గతం మీది బెంగ) అన్న మాటను 1688లో జోహనెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి పుట్టించాడు, ఊరు వదిలినవాళ్లకొచ్చే జబ్బుగా. ఇప్పుడెవరూ జబ్బనడం లేదు. వైల్డ్‌షుట్, సెడికిడిస్ బృందం 2006లో చూపించినదాన్ని బట్టి, మనసు బాగోలేనప్పుడు, ముఖ్యంగా ఒంటరిగా అనిపించినప్పుడు పాత జ్ఞాపకాలు ఎక్కువగా లేస్తాయి, వాటిలో మనతో పాటు మనకు కావలసినవాళ్లు చాలావరకు ఉంటారు. మీరు ఇల్లు మారారు. ఈ సంగతి ప్రశ్నలో పక్కవాటుగా చెప్పేసి వదిలేశారు గానీ నాకు అదే ముఖ్యంగా కనిపిస్తోంది. కొత్త చోట మీరు ఒక ఆదివారం కనిపించకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ ఊళ్లో అయితే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు సైకిలేసుకుని ఇంటి ముందుకొచ్చి "ఏమైంది, రాలేదే?" అనేవాళ్లు. ఆ అమ్మాయి వచ్చేది కాదు. ఆ ఫ్రెండే వచ్చేవాడు.

సగంలో ఆగిపోయిన పనులే ఎక్కువ గుర్తుంటాయి, తొలిప్రేమ అందుకే మరపురాదు అని జైగార్నిక్ అనే మనస్తత్వవేత్త పేరు చెప్పే సమాధానాలు మీకు చాలా కనబడతాయి. 1927 నాటి ఆ ఫలితం తర్వాతి ప్రయత్నాల్లో నిలకడగా రాలేదు, దాని మీద తొలిప్రేమ సిద్ధాంతం కట్టడం నాకిష్టం లేదు.

భార్యకు ద్రోహమా అంటే, గుర్తు రావడం ద్రోహం కాదు. అది మీరు చేసిన పని కూడా కాదు. చీటీ సంగతి ఆవిడకు చెప్పండి. చెప్పేటప్పుడు అమ్మాయి దగ్గర మొదలుపెట్టకండి, గుంపు దగ్గర మొదలుపెట్టండి. తెలివి చూపించడానికి కాదు, నిజం కూడా అదే వరుసలో ఉంది కాబట్టి. చెప్పలేకపోతున్నారంటే ఎక్కడో మీ మనసు జ్ఞాపకం దాటి ముందుకెళ్లిందన్నమాట. ఆ సంగతి మీకే ముందు తెలుస్తుంది.

ఆమెను వెతకడం గురించి నా మాట సూటిగానే ఉంటుంది: ఇప్పుడు వద్దు. నాన్సీ కేలిష్ అనే మనస్తత్వవేత్త 1990ల నుంచి ఇలా పాత ప్రేమల్ని మళ్లీ కలుసుకున్న వెయ్యికి పైగా మందిని అధ్యయనం చేసింది. మళ్లీ కలిసి నిలబడిపోయిన జంటలు చాలానే ఉన్నాయి. అదే మనిషి, సంసారాల్లో ఉన్నవాళ్లు సరదాకి పలకరించడం ఎక్కడికి పోతుందో చూసి, గట్టిగా హెచ్చరించింది కూడా. ఆ ఆకర్షణ బలం తక్కువ కాదు, "ఊరికే హాయ్ చెబుదామని" అన్నవాళ్లు కూడా కొట్టుకుపోయారు. నా కౌన్సెలింగ్ గదిలో కూడా ఆ మాట అలాగే వినబడింది, మగవాళ్ల నోటా ఆడవాళ్ల నోటా.

రెండో కారణం మీకు నచ్చదు. మీకు తీపిగా ఉన్నది ఆమెకు తీపిగా ఉండాలనేముంది?

యూత్ లీడరుగా పని మొదలుపెట్టిన ఐదో ఏడు, పాటల పుస్తకంలో ఇలాంటి చీటీ ఒకటి సంఘ పెద్దల చేతికి చిక్కింది. కూర్చుని మాట్లాడుకున్నారు. నన్నూ పిలిచారు. "కొన్నాళ్లు" ఆ అమ్మాయిని కొయర్ (పాటల బృందం) నుంచి ఆపమన్నారు. ఆపాను. అబ్బాయిని మందలించి వదిలేశాం. కొన్నాళ్లు అన్నది ఏడాదైంది, ఆ తర్వాత ఆ అమ్మాయే రావడం మానేసింది. పదేళ్ల తర్వాత నాకో ఉత్తరం రాసింది. కోపంగా లేదు. పెళ్లి, ఉద్యోగం, పిల్లల సంగతులు రాసి, చివర్లో ఒక్క ప్రశ్న: "ఆ అబ్బాయిని ఎందుకు ఉంచారన్నా?" రెండు రోజులు తీసుకుని నిజమే రాశాను, గిటారు వాయించేవాడు ఇంకొకడు లేడని. క్షమించమని కూడా రాశాను. జవాబు రాలేదు. రావాల్సిన అవసరమూ లేదు.

మీ విషయంలో అలా జరిగిందని అనడం లేదు. కానీ ఆమె ఎప్పుడు, ఎందుకు ప్రాక్టీసులకు రావడం తగ్గించిందో మీ ప్రశ్నలో ఒక వాక్యం ఉంది, "ఇంటర్‌లో చదువు ఎక్కువై మానేసింది" అని. మీకలా చెప్పారు. ఎవరు చెప్పారో గుర్తుందా? చిన్న ఊళ్లో ఒక సంగతి బయటపడితే అబ్బాయి పేరు రెండు నెలల్లో మరుగున పడుతుంది. అమ్మాయి పేరు వాళ్ల అమ్మ బజారుకెళ్లినప్పుడు కూడా వెంట నడుస్తుంది. ఆ ఏళ్లను ఆమె మూసేసి ఉంటే తలుపు తట్టే హక్కు మనకు లేదు.

రాసుకోవడం మాత్రం తప్పకుండా చేయండి, కానీ కథలాగా మొదలుపెట్టకండి. కథలాగా మొదలుపెడితే నా నెగడే వస్తుంది. ముందు ఒక కాగితం మీద ఆ హాలు పటం గీయండి. కిటికీలెక్కడ, చాపలో బెంచీలో ఎలా వేసేవాళ్లు, కీబోర్డు ఏ మూల, ఎవరెక్కడ కూర్చునేవాళ్లు. మనుషుల పేర్లు ఊరికే గుర్తు తెచ్చుకోమంటే రావు, చోటు ఇస్తే వస్తాయి. ఏ గ్రూపు ఫోటో అయినా దొరికితే ఇంకా మంచిది. హ్యారీ బారిక్ బృందం 1975లో 392 మందికి తమ హైస్కూలు తోటివాళ్ల ముఖాలు చూపిస్తే, బడి వదిలి మూడు దశాబ్దాలు దాటినవాళ్లు కూడా పదింట తొమ్మిదింటిని గుర్తుపట్టారు. ఏ ఆధారమూ లేకుండా పేర్లు చెప్పమంటే మాత్రం చాలా తక్కువే వచ్చాయి. మీ తలలో వాళ్లు పోలేదు, పిలిచే దారి పోయింది. ఆనాటి పాటలు పైకి పాడుకోండి, మనసులో కాదు. రెండో గొంతు ఎవరు అందుకునేవాళ్లో అక్కడ చెవికి తెలిసిపోతుంది.

తర్వాత ప్రతి మనిషి పేరు కింద రెండు వాక్యాలు. ఆ ఏడు వాళ్ల ఇంట్లో ఏం జరుగుతోంది? వాళ్లు నాకోసం ఏం చేశారు? ఆ అమ్మాయిని ఈ జాబితాలో చివర్న పెట్టండి, ఆమెకూ రెండే వాక్యాలు. చాలా పేర్ల కింద మీరు మొదటి ప్రశ్నకు జవాబు రాయలేరు. నేనూ రాయలేకపోయాను. ఆ ఖాళీలు కొట్టేయకుండా అలాగే ఉంచండి, వాటిని నింపగలిగేది వాళ్లే.

మూడు వారాలుగా ఆమెను తలచుకుంటున్న ఓపికతో ఆ చీటీ మోసినవాడి నంబరు వెతకండి. యూత్ గ్రూపు పేరుతో వాట్సాప్ గుంపు పెట్టి అందరినీ ఒకేసారి కలపాలనిపిస్తుంది. ఆగండి. గుంపుల్లో మొదటి రోజు వందల మెసేజులు, నెల తిరిగేసరికి గుడ్ మార్నింగ్ బొమ్మలు మిగులుతాయి. పైగా ఆమె కూడా అందులోకి వస్తుంది, అడగకుండానే. ఒక్క మనిషికి ఫోన్ చేయండి. మొదటి మాటగా ఆ అమ్మాయి ఎక్కడుందని అడగకండి, వాడికి వెంటనే అర్థమైపోతుంది, మళ్లీ చీటీ మోయడానికే పిలిచారని. నీ సంగతులేంటి అని అడిగి వినండి. మీ జ్ఞాపకం చెప్పే ముందు వాడి జ్ఞాపకం అడగండి, లేకపోతే మీ నెగడు వాడికీ అంటుకుంటుంది.

వాడు మిమ్మల్ని మర్చిపోయి ఉండవచ్చు. అదీ జరుగుతుంది, నాకు ఒకరి విషయంలో జరిగింది. పది నిమిషాలు మర్యాదగా మాట్లాడి పెట్టేశాడు. కాస్త చిన్నబోయాను, తర్వాత పటంలో వాడి చోటు వాడికే ఉంచాను.

మా కీబోర్డు మిత్రుడూ నేనూ మాత్రం అప్పట్నుంచి నెలకోసారి తప్పకుండా మాట్లాడుకుంటున్నాం. వాళ్ల నాన్న గురించి నాకు ఇప్పుడు చాలా తెలుసు. ఆ రాత్రి ఆ అమ్మాయి వాళ్లక్క పాడిన పాటేదో మాత్రం ఇప్పటికీ తేలలేదు. నోటు పుస్తకంలో "సోలో" అని రాసి వదిలేశాడు. నేనొకటంటాను, వాడొకటంటాడు, ఇద్దరం ఫోన్లోనే పాడి చూసుకుంటాం.